అరవై రావాలి

కుబాత్ వ్యాను తెచ్చి షెడ్డు ముందు ఆపాడు.
"మూడు దీపాలు వెలిగాయి, తాలాయ్‌గుల్.
మూడు జబ్బులా? మూడు బిల్లులా?"
నవ్వుతున్నాడు గానీ
అరచేతులింకా స్టీరింగు ఆకారంలోనే బిగుసుకుని ఉన్నాయి.

జూన్ నెల. కారాబాల్తాలో చెర్రీలు ఎర్రబడుతున్నాయి.
పైన తో-అషూ కనుమలో మాత్రం
నిన్న రాత్రి మంచు పడింది.
మలుపులో బండి వెనక భాగం
తనకు వేరే పనున్నట్టు పక్కకు వెళ్ళిందట.
ఎవరూ పట్టుకోలేదట.

పట్టుకోవాల్సిన ఆయన ఒకరున్నారు.
బ్రేకు గొట్టాల మధ్య, పిడికిలంత అల్యూమినియం పెట్టె.
స్టెబిలిటీ కంట్రోల్ అంటారు కంపెనీవాళ్ళు,
నేను పెద్దమనిషి అంటాను.
ఆయనకు కళ్ళు లేవు. రోడ్డు తెలీదు, మంచు తెలీదు.
అన్నీ చెప్పుడు మాటలే.

నాలుగు చక్రాలూ తలా ఒక లెక్క చెబుతాయి.
స్టీరింగు కింది పళ్ళెం
డ్రైవరు ఎటు పోదామనుకుంటున్నాడో చెబుతుంది.
సీట్ల మధ్య బిగించిన బిళ్ళ
బండి నిజంగా ఎటు తిరుగుతోందో చెబుతుంది.
కోరిక ఒకటి, నడక ఒకటి.
ఆ రెంటికీ పొసగని క్షణాన
ఇంజనుకు కబురు: కాస్త తగ్గు.
గేర్లపెట్టెకు కబురు: ఇప్పుడు మార్చకు.
ఒక్క చక్రాన్ని, ఒక్కదాన్నే,
గుర్రప్పిల్లను చెవి పట్టి ఆపినట్టు ఆపుతాడు.
నువ్వు "అమ్మో" అనేలోపు
అంతా అయిపోయి ఉంటుంది.

ఈ కబుర్లన్నీ నడిచేది రెండు తీగల మీద.
జడలా మెలేసిన సన్న తీగలు.
ఒకటి పైకి లేస్తే ఒకటి కిందికి దిగుతుంది.
బయటి రొద రెంటినీ ఒకేలా తాకుతుంది,
వాటి మధ్య తేడా ఒక్కటే మాట,
మిగిలిందంతా గాలి.
గుర్రపు వెంట్రుకలతో తాడు పేనుతూ
మా అమ్మమ్మ అనేది, ఒంటిపోగును నమ్మొద్దని.

డాష్‌బోర్డు చూశాను. దీపాల మీద
నల్ల టేపు ముక్కలు.
"ఎవరి పని?"
"తలాస్‌లో ఒకాయన. రెండొందల సోమ్‌లు తీసుకున్నాడు."
గోటితో గీకి పీకేశాను.
"వేగం ముల్లు కూడా సున్నా మీదే పడుకుంది"
అన్నాడు, నేరం ఒప్పుకుంటున్నట్టు.
పడుకోదూ మరి!
చక్రాల లెక్క ముందు చేరేది పెద్దమనిషికే.
ఆయన చెబితేనే ముల్లుకు తెలిసేది.
కొండ మీద వ్యాను దొర్లుతోంది,
అద్దం వెనక మాత్రం
ఎక్కడికీ పోలేదు.

బ్యాటరీ విప్పి మీటరు పెట్టాను.
తీగలకు ఆ కొసనొకటి, ఈ కొసనొకటి
నూట ఇరవై ఓముల కాపలా.
ఇద్దరూ ఉంటే మీటరు అరవై అనాలి.
నూట ఇరవై అంది.
ఎక్కువ చూపిస్తే ఎక్కువ ఉన్నట్టు కాదు, కుబాత్.
ఒకరు లేనట్టు.

పక్కసీటు కింద కార్పెట్టు ఎత్తితే
పుల్లటి వాసన గుప్పుమంది.
సూసామీర్ నుంచి తెచ్చే కుమిస్ డబ్బా
ఎన్నాళ్ళుగా కారుతోందో.
గుర్రప్పాలు తాగి తాగి
కనెక్టరు పచ్చగా నాచు పట్టింది.
ఒక పిన్ను నా వేళ్ళలోనే పొడైపోయింది.

ఆ సీటులో ఇదివరకు ఒరొజ్‌బెక్ కూర్చునేవాడు,
కుబాత్ బావమరిది.
దారంతా పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ
మలుపు మలుపుకీ సలహా చెప్పేవాడు.
ఒక ఆడగుర్రం ధర దగ్గర మాటా మాటా పెరిగి
చలికాలం నుంచి రావడంలేదు.
ఖాళీ ఎందుకని డబ్బాలు పెట్టాడు ఇతను.
మనిషి కూర్చున్నన్నాళ్ళూ
తీగలు బాగానే ఉన్నాయి.

కొత్త పిన్ను వేసి, మెలి చెడకుండా అతికాను.
యాభై తొమ్మిదిన్నర. చాలు.
తాళం తిప్పితే దీపాలన్నీ ఒకసారి వెలిగి
ఒక్కొక్కటే ఆరాయి.
స్టీరింగు ఆ చివరకూ ఈ చివరకూ తిప్పించాను.
చెర్రీ చెట్ల సందులో వంద మీటర్లు పోగానే
ముల్లు లేచి కూర్చుంది.

"ఎంత?"
"ఒక్క జబ్బే. ఒక్క బిల్లే."
డబ్బాలు వెనక్కి సర్దమన్నాను.
సర్దాడు. ముందు సీటు తుడిచాడు,
గింజల పొట్టు ఇంకా ఉంది అంచుల్లో,
దాన్ని తుడవలేదు.

కార్పెట్టు సాయంత్రం దాకా ఎండలో వేశాను.
తడి ఆరింది.
వాసన పోలేదు.